పెట్టె అడగడం మానేసింది

అమ్మాయ్,

కంప్యూటర్ ఆపకు. నువ్వు చేసిచ్చిన నా మందుల ఎక్సెల్ షీటు తెరిచే ఉంచాను.

అందులో బీపీ మందుల చీటీ లింకు నొక్కినప్పుడల్లా ‘ఇది హాని చేయవచ్చు, కొనసాగించాలా?’ అని తెర మీద ఒక పెట్టె వచ్చి అడిగేది. మాత్ర గురించే కాబోలనుకుని వద్దని నొక్కి, నాలుగు రోజులుగా వేసుకోవడం మానేశాను. పొద్దున మీ ఆయన కంప్యూటర్ లోపల ఏది ఎలా నడవాలో రాసుండే చిట్టా, రిజిస్ట్రీ అట, అందులో ఏదో అంకె మార్చి ఆఫీసుకి వెళ్లాడు. ఇప్పుడు పెట్టె ఉలకదు, పలకదు. ఇంతకీ మాత్ర మంచిదైందా, లేక వాడు పెట్టె నోరు మూశాడా? నాకేం పాలుపోవడం లేదు. కళ్లు కూడా తిరుగుతున్నాయి. ఎదురింటాయన్ని తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను.

మీ మామయ్య

మీ ఆయనకి చెప్పకు. ఆ రిజిస్ట్రీలో నా నోటికీ ఒక అంకె ఉండే ఉంటుంది.