పాత కంప్యూటరూ ఖాళీ బిందె పాటా

నాచారం,
మంగళవారం.

ప్రియమైన రూతుకు,

ప్రభువు నామంలో నీ ఇంటాయన వందనాలు. ఇక్కడ నేనూ, మేడ మీది మన ప్రార్థన మందిరమూ, నీ కరివేపాకు చెట్టూ, ముగ్గురమూ ఆయన కృపలో పచ్చగానే ఉన్నాం. జనగామలో నువ్వూ, కౌసల్యమ్మ వదినా, ఆపరేషనైన ఆమె మోకాలూ క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను.

ముందు ఈ కాగితాన్ని ఒకసారి వెలుగులో పట్టుకుని చూడు. చేతిరాత కాదు. మన పాత కంప్యూటర్ మీద, కొత్త సిస్టమ్‌లో, నా సొంత వేలితో టైపు చేసి ప్రింటు తీసిన ఉత్తరం. వేళ్లతో కాదు, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే. ఎదుటివాణ్ణి ఎత్తి చూపడానికి తప్ప ఆ వేలు దేనికీ పనికిరాదని అనేదానివి కదా! ఇప్పుడు అనమ్మా చూద్దాం.

ఫోన్ చేస్తే సరిపోయేదానికి ఈ ఉత్తరాలేమిటని వదిన నవ్వుతోందని రాశావు. నువ్వు బస్సెక్కుతూ అన్న మాట ఆమెకు కూడా చెప్పు. "ఫోన్లయితే నువ్వు ప్రసంగం జేస్తవు. కాయితం మీదనైతే నా మాటకు జవాబిస్తవు." కాబట్టి జవాబులే ఇస్తున్నాను.

బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. దావీదు అయినా సొలొమోను అయినా ఈ వయసుకు వేసుకోవలసిందే. పొద్దున టిఫిను బండి దగ్గర ఇడ్లీ, రాత్రికి అన్నం నేనే వండుకుంటున్నాను. మైకు తగ్గించమన్నావు, కింద ఉండే కొమురెల్లి అన్న రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుంటాడని. తగ్గించాను. అయితే ఆ అన్న సంగతి ఇంకొకటి ఉంది, తరువాత చెబుతాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "కంప్యూటర్ బాగైందా? నా పాటలు పదిలమేనా?" పాటలు అన్న మాట కింద రెండు గీతలు కొట్టావు. రూతూ, ఆ గీతలు నాకు తెలుసు. మల్లాపూర్‌లో ప్యాకింగ్ పని ముగించుకుని వచ్చి, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా, రోజుకు ఒక పాట చొప్పున నువ్వు టైపు చేసిన పాటలవి. మందిరంలో గోడ టీవీ మీద అవి కనిపిస్తేనే మన వాళ్ల నోరు పాటకు తెరుచుకుంటుంది. సగం మంది దగ్గర పాటల పుస్తకమే లేదు. ఆ ప్రశ్నకు తప్పించుకోకుండా జవాబిస్తాను. అయితే వరుసలో చెప్పనివ్వు.

ఆ పాత విండోస్‌కు ఇక అప్‌డేట్లు రావని స్క్రీన్ మీద హెచ్చరిక వస్తోందని నీకు తెలుసు. కొత్తది వేద్దామంటే ఈ పాత పెట్టెలో పట్టదట. మీ తమ్ముడు జీవన్ కుమార్ ఉప్పల్‌లో కంప్యూటర్ రిపేరు షాపు మూసేసి నేరుగా ఇంటికొచ్చాడు.

"బావా, విండోస్ బదులు దీంట్ల లినక్స్ అని ఇంకో సిస్టమ్ ఏస్త. గుర్రం లెక్క ఉరుకుతది" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "ఒరేయ్, కొత్త ద్రాక్షారసాన్ని పాత తిత్తిలో పోసేటోడు ఎవడన్నా ఉంటడా? తిత్తి పిగులుతది, రసం నేలపాలైతది. వాక్యం సదువుకోలేదా?"

"ద్రాక్షారసం సంగతి నాకెరుక లేదు బావా. దీన్ని తూకానికి అమ్ముతవా, బతికిస్తవా? గదొక్కటి జెప్పు."

"ఎంతైతది?"

"పైస ఖర్సు లేదు. ఉచితం."

"ఉచితమా! ఎర లేకుండ గాలం ఏసేటోడు ఎవడురా?"

వాడు నవ్వాడు. నువ్వు నవ్వినట్టే, ఒక పక్కకు. "రక్షణ ఉచితమని వారం వారం మైకుల ఒర్రేది ఎవరు బావా? గది ఉచితమైతే నమ్మాలె, గిది ఉచితమైతే నమ్మొద్దా?"

రూతూ, పెద్ద పెద్ద అయ్యగార్లతో వాదించి గెలిచినవాణ్ణి. బైబిలు కాలేజీ గడప తొక్కకుండా బైబిలు మొత్తం నోటికి పట్టినవాణ్ణి. అలాంటివాణ్ణి, ఆ ఒక్క మాటకు కంప్యూటర్ ముందు కుర్చీ వాడికి జరిపాను. "సరే, ఎయ్యి" అన్నాను.

ఆ తరువాత ఏమైందో చూస్తే నువ్వు స్తోత్రం చెబుతావు! ఇదివరకు మీట నొక్కి, నేను కీర్తన చదివి, నువ్వు టీ పెట్టి, ఇద్దరం తాగాక కదా అది కళ్లు తెరిచేది? ఇప్పుడు కూర్చునేలోపే సిద్ధం. ఎండిన ఎముకల లోయలో గాలి వీస్తే చచ్చినవాళ్లు లేచినట్టు లేచింది. ప్రింటరు కూడా, వైరు పెట్టగానే, మాటలొచ్చిన బిలాము గాడిద నోరు తెరిచినట్టు తెరిచింది. మొదట ఒక పక్షి బొమ్మ కనిపిస్తే, మందిరం ఊడవడానికి వచ్చిన సాలమ్మ దగ్గరికొచ్చి, "ఈ బాతేంది అయ్యా, కోటేసుకున్నది? పెండ్లికి పోతుందా?" అంది. దాని పేరు పెంగ్విన్ అని, ఈ లినక్స్‌కు గుర్తు అదేనని చెప్పి, మంచుదేశపు పక్షి మన నాచారం ఎండలో ఎలా బతుకుతుందో అని ఇద్దరం నవ్వుకున్నాం.

ఇక చెప్పాలి. పొయ్యి మీద ఏమైనా ఉంటే దింపి చదువు.

వేసేటప్పుడు స్క్రీన్ మీద ఒక ప్రశ్న నిలిచింది. పాత సిస్టమ్‌ను పక్కన ఉంచుకుని కొత్తది వెయ్యాలా, లేక డిస్క్ మొత్తం తుడిచి వెయ్యాలా? "రెండూ ఉంచుదాం బావా. ఏది గావాల్నంటే గది తెరుసుకోవచ్చు" అని జీవన్ అంటుండగానే వాడికి షాపు గిరాకీ ఒకరి నుంచి ఫోన్ వచ్చింది. సిగ్నల్ కోసం కిందికి దిగుతూ, "నేనొచ్చేదాంక దేన్నీ ముట్టకు" అన్నాడు.

నేను ఆ ప్రశ్న ముందు ఒంటరిగా కూర్చున్నాను. రెండూ ఉంచడమా? ఇద్దరు యజమానులకు ఒకడు ఊడిగం చేయలేడని ఎన్నిసార్లు గొంతు చించుకున్నాను! ఒక ఒరలో రెండు కత్తులా? బాప్తిస్మానికి దిగినవాడు ఒక కాలు గట్టు మీదే పెట్టుకుంటాడా? మొత్తం తుడిచేదాన్ని ఎంచుకున్నాను. "నిశ్చయమేనా?" అన్నట్టు అది మళ్లీ అడిగింది. మనిషిని నీళ్లలో నిలబెట్టి అడిగే ప్రశ్న అదే కదా. "ఆమేన్" అని గట్టిగా చెప్పి నొక్కాను.

జీవన్ పైకి వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. "బావా! ఏం జేసినవ్?"

"మారుమనస్సు" అన్నాను.

"నీ మారుమనస్సు సల్లగుండ! అక్క పాటలు?"

"పెన్‌డ్రైవ్‌ల ఏసి పెట్టిన్రా. నిన్ననే నేనే ఏసిన. ఫికర్ జెయ్యకు."

పెన్‌డ్రైవ్ తెరిచాం. అందులో నా ప్రసంగాల రికార్డింగులున్నాయి. నా పేరున్న ఫోల్డరే అంతా అనుకున్నాను రూతూ, ఇంట్లో ఇంకొకరి పేరుతో ఇంకొక ఫోల్డరు ఉంటుందని నాకు తట్టలేదు. నా ప్రసంగాల్లో ఒక దగ్గు కూడా పోలేదు. నీ పాటల్లో ఒక్కటీ మిగల్లేదు. జీవన్ ఆ డిస్క్‌ను షాపుకు తీసుకుపోయి ఏవేవో చేసి చూశాడు. దొరకలేదు. "అక్క వచ్చే దినం నేనైతే ఊర్ల ఉండ బావా" అన్నాడు. వాడి మీద కోపం పెట్టుకోకు, తప్పు మొత్తం ఈ వేలిదే.

ఆ ఆదివారం టీవీ మీద ఆ పక్షి ఒక్కటే. నేను లేచి, "పాటలు లేవు. నేనే తుడిచేసిన" అన్నాను. మందిరం మొత్తం నా వంక చూసింది. పాపం చేసినవాడు నిలబడే చోటు ఎంత వెడల్పుగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ముందు చాప మీద నుంచి సాలమ్మ లేచింది. "పోనియ్యరాదు అయ్యా. డబ్బ మరిసింది గని మా నోర్లు మరిసినయా?" అని, ఆగకుండా పాట ఎత్తుకుంది. ఒకరికి పల్లవి వస్తే ఒకరికి చరణం వచ్చింది. అంత పాట ఆ రేకుల కింద నేను ఎన్నడూ వినలేదు. టీవీ ఉన్నన్నాళ్లూ అందరూ దాని ముఖం చూసి పాడేవారు, ఆ రోజు ఒకరి ముఖం ఒకరు చూసుకుని పాడారు.

అప్పటి నుంచి సాయంత్రమైతే మన ఇల్లు జాతరే. డ్యూటీ దిగినవాళ్లు దిగినట్టే వచ్చి పాడుతున్నారు, నేను వేలితో పొడుస్తున్నాను. "జర జల్ది అయ్యా, నీ వేలు నడిచెవరకు మా బస్సు పోతది" అని వెక్కిరింపులు. నువ్వు టైపు చేసినవాటికంటే ఎక్కువే అయ్యాయి. వాళ్ల వాళ్ల ఊళ్ల నుంచి తెచ్చుకున్న పాటలు కూడా బయటపడ్డాయి.

ఇక కొమురెల్లి అన్న. నేను ఒక పాట దగ్గర చిక్కుకుని కూనిరాగం తీస్తుంటే మెట్ల మీద నుంచి గొంతు వినిపించింది. "గట్ల గాదన్నా. 'చుక్క మిగిలితే చాలు తండ్రీ, చుక్కలో సంద్రం ఉన్నాది.' గట్ల." నేను నోరు తెరిచాను. "నీకెట్ల ఎరుకనే?" అంటే, "ఆదివారం పండనిస్తరా మీరు? మస్తు పాటలు నోటికొచ్చినయ్. గీ బిందె పాట ఇనకుంటే నాకు నిద్రనే పట్టది" అన్నాడు. కొండగట్టు అంజన్నకు మొక్కి కాలినడకన పోయే మనిషి, మన పాటకు చరణం అందించాడు!

అవును, ఆ బిందె పాటే.

"ఖాళీ బిందెను నేను, కడవరి వరుసలో ఉన్నాను,
నింపే చేయి చాచే వేళ నా పేరు మరువకు తండ్రీ."

నాకు అన్నిటికంటే ఇష్టమైన పాట. రెండు చరణాలు దొరికాయి. మూడోది ఎవరికీ పూర్తిగా రాలేదు. పుస్తకంలో చూద్దామని మా తాత వాడిన పాటల పుస్తకం తిరగేశాను. లేదు. అంబర్‌పేటలో ముసలి అయ్యగారి దగ్గరకు వెళ్లాను. ఆయన ఎన్నడూ వినలేదన్నారు. సికింద్రాబాదులో పుస్తకాల షాపులన్నీ అడిగాను. లేదు. నాకు కోపం వచ్చింది. ఇటువంటి పాటను వదిలేసి పుస్తకాలు అచ్చు వేస్తారా? ఆ సాయంత్రం అందరి ముందూ మొదలుపెట్టాను. "గీ కాలపు పాటల్ల సప్పుడుంటది గని సాక్ష్యముంటదా? పాతకాలం పెద్దలు, కానా పెండ్లిల ప్రభువు నీళ్లు నింపిచ్చి ద్రాక్షారసం జేసిన రాతిబానలు మనసుల పెట్టుకొని రాసిన్రు గీ పాట..."

సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్న ఆడవాళ్లు తలలు దించుకున్నారు. భుజాలు కదులుతున్నాయి.

"ఏందమ్మా నవ్వుతున్రు?"

"పుస్తకంల ఎట్లుంటది అయ్యా, మీ ఇంట్ల ఉంటే?"

"అంటే?"

"అది మన రూతమ్మ పాట. ఆమెనే కట్టింది. రాతిబానలు గావు, మల్లాపూర్ల మనం కిరాయికున్నప్పుడు నీళ్ల ట్యాంకరొస్తుండె సూడు, గా బిందె. లైన్ల ఆఖర్న నిలబడ్డది, ఆమె దాంక వచ్చెవరకు నీళ్లయిపోయినయ్. ఉత్త బిందె పట్టుకొని పాడుకుంట వచ్చింది. నువ్వేమో కొత్త పాటంటే మండిపడ్తవు. అందుకని పాత పాటల నడుమ ఏసింది. నువ్వు మెచ్చుకున్నప్పుడల్లా మేము కడుపుల నవ్వుకున్నం."

రూతూ! ఆ పాట మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశాను! రాసిన పెద్దాయన ఎంతటి భక్తుడో, ఎంత ఉపవాసం ఉండి రాశాడో అని నీ ముందే చెప్పాను. నువ్వు ముందు చాప మీద కూర్చుని తల ఊపావు! ఆ ట్యాంకరు రోజు నాకు గుర్తుంది. నేను లోపల తలుపు వేసుకుని ఉపవాస ప్రార్థనలో ఉన్నాను. వరుసలో నువ్వున్నావు. ప్రార్థన నాది, పాట నీకు వచ్చింది.

కోపం రాలేదు. మొదట సిగ్గేసింది, ఆ తరువాత నవ్వు మొదలైంది, ఆపలేకపోయాను. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో అని సాలమ్మ భయపడింది.

మొన్న ఆదివారం ఆ పాటను టీవీ మీద వేశాను. కొత్త పాటల మీద నేనన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నానని మైకులోనే చెప్పాను, ఈసారి తగ్గించకుండా. రెండు చరణాలు పాడారు. మూడోది వచ్చేసరికి తెర మీద ఏమీ లేదు. అడుగున మాత్రం, నా వేలితో పొడిచి పెట్టిన మాట: రచన, రూతు. అందరూ ఆగి దాని వంకే చూస్తున్నారు. నేను ఏదో చెప్పబోతూ మైకు అందుకున్నాను.

కింది నుంచి కేక వినిపించింది. "ఏందన్నా, ఆపిన్రేంది? ఇంకొకటి ఉండె గదా!"

మందిరం మొత్తం గొల్లున నవ్వింది. నేను పిట్టగోడ మీద నుంచి వంగి చెప్పాను. "రాసినామె జనగామల ఉన్నదన్నా. వచ్చినంక పాడుతం."

కాబట్టి ఆ చరణాన్ని ఉత్తరంలో పంపకు. వదిన కర్ర వదిలి నడిచిన రోజే బయలుదేరి వచ్చి, నీ చేతులతో నువ్వే టైపు చెయ్యి. ఉప్పల్‌లో బస్సు దిగే చోట నేనుంటాను. ఇంటికొచ్చాక నీళ్ల వరుసలో నేను నిలబడతాను. అంతవరకు ఆ చోటు ఖాళీగానే ఉంచుతాను. నీ పేరు ఎవరు తుడవమన్నా తుడవను. అసలు ఇప్పుడు ఏది తుడవాలన్నా జీవన్‌ను అడిగే తుడుస్తున్నాను.

వదినకు నా వందనాలు. ఈ ఉత్తరం ఆమెకు కూడా చదివి వినిపించు, నవ్వితే మోకాలికి మంచిదే.

ఇట్లు,
బిందె కడిగి పెట్టుకుని నీ కోసం చూసే
నీ ఇంటాయన,
ఏలియా