ఆ డబ్బా మళ్లీ ఒలకబోయకు

నాన్నా,

లేవగానే మొదటిసారి వచ్చే మూత్రం డబ్బాలో పట్టకు, వదిలేయి. ఆ టైము ఈ చీటీ వెనక రాయి. అక్కణ్ణుంచి రేపు అదే టైముదాకా, అప్పటిదీ కలిపి, ఒక్క చుక్క బయటికి పోకూడదు. పోయిందా, నీ కిడ్నీలు రోజంతా ఏం వడకడుతున్నాయో డాక్టరుకు తెలీదు. డబ్బా ఫ్రిజ్‌లో కింది అరలో, గుడ్డ సంచిలోనే ఉంచు.

నిన్న పక్కింటి అత్తయ్య వచ్చిందని సిగ్గుపడి, సగం నిండిన డబ్బా ఒలకబోసి, తళతళా తోమి బోర్లించావు. ల్యాబ్‌వాళ్లను బతిమాలి కొత్తది తెచ్చాను.

ముప్పై ఏళ్లు బస్సు నడిపావు. మధ్యలో ఆపాల్సొస్తుందని నీళ్లే మానేశావు, డిపో దాకా బిగబట్టావు. ఇప్పుడు నీ వెనక ప్యాసింజర్లెవరూ లేరు. దాహమేస్తే తాగు.

నాకు పనికి టైమైపోతోంది, నిన్నొదిలి కాలు కదలట్లేదు. పదకొండింటికి ఫోన్ చేస్తా, ఎత్తు.

ఇంకోటి. చిన్నప్పుడు నేను పక్క తడిపితే, అమ్మ లేవకముందే దుప్పటి ఉతికి ఆరేసి, చెంబు ఒలికిందని చెప్పేవాడివి. రేపు ఆ డబ్బా ల్యాబ్‌కి మోసేది నేనే. నా దగ్గరా నీకు సిగ్గు?