మా మండలంలో పడని వాన

అనంతపురం,
సెప్టెంబరు 2003

అయ్యా,

మన ఆఫీసు వెబ్ పేజీలో వాన లెక్కలు తారుమారు కావడానికి కారణం సాఫ్ట్‌వేరా, నేనా అని సంజాయిషీ అడిగారు. మండలాల పేర్లు ఒక నిలువు వరుసలో, వాన అంకెలు పక్క నిలువు వరుసలో పెట్టాను. నా కంప్యూటర్‌లో సరిగ్గానే కనిపించింది. మీ దాంట్లో ఒక పొడవాటి పేరు రెండు లైన్లుగా విరిగి, కింది పేర్లన్నీ దిగిపోయాయి. పట్టికలో మా కిందున్న మండలం వాన మా పేరుకెదురుగా వచ్చి నిలబడింది. మీ దాంట్లోంచి తీసిన ప్రింటు చూసే, వాన బాగా పడిందని మావాళ్ల వేరుశనగ పంట బీమా ఆపారు.

మా చిన్నాయన సుంకన్న రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. "ఏమప్పా, చెనిక్కాయ చేను నిలువునా ఎండిపాయ. ఈ వాన యాడ పడింది?"

పేజీ సరిచేశాను. ఫైలుకెక్కిన ప్రింటు మీ చేతిలో ఉంది. తప్పు నాదనే రాసుకోండి, వాదించే ఓపిక లేదు. ఆ వాన మాత్రం మా మీద నుంచి తీసేయించండి.

ఇట్లు,
మీ కంప్యూటర్ ఆపరేటర్