బుజ్జిబాబు బస్సుకి కొత్త రంగు

ఖరగ్‌పూర్, తాల్‌బగీచా,
ఆదివారం.

చిరంజీవి బుజ్జిబాబుని అమ్మ సింహాచలమ్మ మనసారా దీవించి రాయునది. ఇక్కడ నేనూ, మీ నాన్నా, పెరట్లో నువ్వు నాటిన జామచెట్టూ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ తేయాకు తోట పిల్లలూ, వాళ్ళని బడికి చేరవేసే నీ చిన్న బస్సూ కులాసా అని తలుస్తున్నాను.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోపగించుకోకు. ఫోను చేసినప్పుడల్లా నువ్వు "బస్సు ఏటయిందమ్మా" అని అడుగుతున్నావు, నేను "సిగ్నల్ లేదు నాయనా" అని పెట్టేస్తున్నాను. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. ఫోనులో చెప్పే సంగతి కాదు కాబట్టి కాగితం పట్టుకుని కూర్చున్నాను. బస్సు కబురు తప్పకుండా రాస్తాను. ముందు నువ్వు అడిగిన మిగతావాటికి జవాబు చెప్పనీ.

మోకాలు నయమేనా అని అడిగావు. చదును నేల మీద అది నా మాట వింటుంది, మెట్ల దగ్గర దాని మాట నేను వింటాను. అలా సర్దుకుపోతున్నాం. నువ్వు పంపిన టీ ఆకు అందింది. పాలు పోయకూడదు, పోస్తే వాసన చచ్చిపోతుందని పెద్ద పండితుడిలా రాశావు. మీ నాన్న గ్లాసుడు పాలు పోయించి, అల్లం దంచి వేయించి, కుతకుతా ఉడికించి తాగాడు. "కొండ టీ అంత గొప్పేటి కాదే" అన్నాడు. ఇంకెప్పుడూ ఆయనకి ఖరీదైనవి పంపకు.

పక్కింటి సూసన్నక్క కూతురు ఏంజలిన్‌కి నర్సింగులో సీటొచ్చింది. ఆ సంతోషంలో వీధి వీధంతా కేకు పంచారు. మనింటికి మూడు ముక్కలు ఇచ్చి, ఒకటి నీ పేరు మీద అంది. నీ వంతు నేనే తిన్నాను.

ఇక "నాన్న మాట్లాడుతున్నాడా" అని అడిగావు. ఆ జవాబూ బస్సు కబురూ రెండూ ఒకటే, విడదీసి రాయలేను.

నువ్వు కళ్ళారా చూసి వెళ్ళావు కదా, రిటైరైన దగ్గర్నుంచి ఆ మనిషి ఎలా అయిపోయాడో. పొద్దున్న రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగగానే లేచి కూర్చునేవాడు. తర్వాత గుర్తొచ్చి, మళ్ళీ గోడవైపు తిరిగి పడుకునేవాడు. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి జబ్బేమీ లేదన్నాడు. జబ్బు ఉందంటే మందన్నా ఉండేది. కంచంలో పెడితే తినేవాడు, పెట్టకపోతే ఆకలని అడిగేవాడు కాదు. ఇంట్లో ఒకరున్నారన్న మాటేగానీ నేను గోడలతోనే మాట్లాడుకునేదాన్ని బాబూ.

అలాంటి రోజుల్లో నీ ఉత్తరం వచ్చింది. పైకి చదివి వినిపించాను. కోల్‌కతాలో నువ్వు నడిపిన బస్సుకి పదిహేనేళ్ళు నిండాయని రోడ్డు మీంచి తీసేశారనీ, దాంతోపాటే నీ ఉద్యోగమూ పోయిందనీ ఆయనకి తెలుసు. తీసేసిన బస్సులు ఏమవుతాయో మాత్రం తెలీదు. అవి మన ఊరికే, నింపురా దాటాక హైవే పక్కనున్న పాత ఇనుము యార్డుకే వచ్చాయని నువ్వు రాశావు. అన్నిటినీ కోసేయగా రెండే మిగిలాయి, అందులో ఒకటి నీది. పాత బస్సుల్ని కాపాడే కోల్‌కతా వాళ్ళు కొందరు వచ్చి, ఆ రెండింట్లో ఒకదాన్ని తీసుకెళ్ళి షెడ్డులో పెట్టి జనానికి చూపిస్తారట. "అమ్మా, నాదే తీసుకునేలా చూడు. అది ఉంటే, అన్నేళ్ళు నేను ఆ ఊళ్ళో ఉన్నానని ఎవరైనా నమ్ముతారు" అని రాశావు. ఆ ముక్క వినగానే మీ నాన్న గోడవైపు నుంచి ఇటు తిరిగి, "మళ్ళీ సదువు" అన్నాడు.

మర్నాడే ఇద్దరం ఆటో కట్టించుకుని యార్డుకి వెళ్ళాం. యార్డు యజమాని నిమాయ్ దాదా మంచివాడు. కోల్‌కతా వాళ్ళు వచ్చి చూసుకునేదాకా ఆ రెంటి జోలికీ పోనని మాటిచ్చాడు. నీ బస్సుని నంబరు చూసి గుర్తుపట్టాం. చక్రాల దాకా గడ్డి మొలిచింది, నీలం రంగు వెలిసి బూడిదరంగుకి తిరిగింది, పక్కల పాత ప్రకటనలు చిరిగి వేలాడుతున్నాయి. కిటికీల కింద ఎవరెవరో పేర్లు గీసుకున్నారు. మీ నాన్న దాని చుట్టూ తిరిగాడు. రేకుని వేళ్ళతో కొట్టి చప్పుడు విన్నాడు.

"ఏటే, ఇలాగుంటే దీన్నెవలు పట్టుకెల్తారు? పక్కదే నయం. పెళ్ళిసూపులకి పిల్లని మొగం కడక్కుండా కూకోబెడతామా?" అన్నాడు.

"మరేటి సేద్దామంటావు?" అన్నాను.

"రంగెయ్యాలి" అన్నాడు.

ఆయన నోటి వెంట ఫలానా పని చెయ్యాలి అన్న మాట విని ఎన్నాళ్ళయిందో! నాకు ఒళ్ళు పులకరించింది నాయనా. ఇంటికి రాగానే ట్రంకుపెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన కుంచెలు తీశాడు. గోల్ బజారుకి వెళ్ళి రంగు డబ్బాలు తెచ్చాడు. నీలం నాలుగు కొట్లలో చూసినా నచ్చక, రెండు డబ్బాలు కలిపి ఆయనే తయారు చేసుకున్నాడు.

నీకు తెలుసు కదా, మన వర్క్‌షాపులో రైలుపెట్టె ఎంత ముసలిదైనా, మళ్ళీ లైను మీదికి పంపాలంటే పాత రంగు గీకేసి కొత్త రంగు వేసి పంపడమే దానికిచ్చే మర్యాద. మీ నాన్న జీవితమంతా చేసింది అదే. ఉమ్మి మరకలతో, తుప్పుతో లోపలికొచ్చిన పెట్టె ఆయన చేతిలోంచి పెళ్ళికూతురిలా బయటికి పోయేది. పాతది పాతగానే ఉండాలని కోరుకునేవాళ్ళు ఈ లోకంలో ఉంటారని ఆయనకేం తెలుసు?

రోజూ పొద్దున్న సైరన్ మోగేసరికి చొక్కా తొడుక్కుని తయారు. మధ్యాహ్నం నేను క్యారియర్ పట్టుకుని పూరీ గేట్ దగ్గర ఆటో ఎక్కి వెళ్ళేదాన్ని. ఆ బస్సు నీడలో గోనెపట్టా పరుచుకుని తినేవాళ్ళం. "సారు ఇంకొంచెం పొయ్యవే" అని అడిగి పోయించుకునేవాడు. నిచ్చెన మీద నిలబడి కూనిరాగం తీసేవాడు. ఆ రాగానికి తలాతోకా లేదు, అయినా నాకు కచేరీ విన్నట్టే ఉండేది. నిమాయ్ దాదా మనుషులు గ్యాసు కట్టర్లు ఆపి మరీ వచ్చి చూసేవాళ్ళు.

అంతా అయ్యాక చివరి రోజున బస్సు వెనక మూల తెల్లరంగుతో ఏదో రాస్తున్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే నెలా, సంవత్సరమూ. రైలుపెట్టె మళ్ళీ మరమ్మతుకి ఎప్పుడు తిరిగి రావాలో వర్క్‌షాపులో రాసి పంపుతారే, అది!

"ఏటయ్యా ఇది? బస్సుకి రిటన్ డేటేటి?" అని పకపకా నవ్వాను.

ఆయన నాలిక కరుచుకున్నాడు. "సెయ్యి దానంతటదే రాసేసినాదే. డేటు ఎయ్యకపోతే బండి షాపు దాటినట్టు ఉండదు" అన్నాడు. చెరపలేదు, అలాగే ఉంచాడు.

గురువారం కోల్‌కతా నుంచి శర్మిష్ఠ దీదీ వచ్చింది. నీకు ఆ పాత బస్సుల సంఘం గురించి చెప్పిన ఆవిడే. మీ నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సు పక్కన నిలబడ్డాడు. ఆ అమ్మాయి బస్సుని చూసింది, ఆయన్ని చూసింది. "కాకూ, ఎకీ కొర్లేన్?" అంది, ఎంత పని చేశావు బాబాయ్ అన్నట్టు. తర్వాత నెమ్మదిగా, నొప్పించకుండా చెప్పింది. వాళ్ళకి కావలసింది ఆ వెలిసిన రంగేనట. ఆ గీతలూ, ఆ పేర్లూ, ఆ చిరిగిన ప్రకటనలూ ఉంటేనే అది కోల్‌కతా బస్సట. అవి ఒకసారి గీకేశాక తిరిగి రావట. "ఇప్పుడిది కొత్త బస్సు కాకూ, మా షెడ్డులో కొత్త బస్సు పెట్టి ఏం చెయ్యను?" అంది. వెళ్ళేముందు ఆయన కాళ్ళకి దండం పెట్టింది. ట్రైలరు మీద రెండో బస్సు ఎక్కించుకుని వెళ్ళిపోయారు.

అదీ సంగతి బుజ్జీ. నీ బస్సుని తీసుకోలేదు. నిన్నటితో దాన్ని కోసేయడం కూడా అయిపోయింది.

గురువారం ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి మీ నాన్న మళ్ళీ గోడవైపు తిరిగాడు. అన్నం వద్దన్నాడు. ఈ మూడు రోజుల్లో ఒకే ఒక్క మాట అన్నాడు, "నా సేతుల్తో నా కొడుకు బండి పోగొట్టినాను" అని.

ఆయన పోగొట్టలేదు బాబూ. ఇంతసేపూ టీలూ కేకులూ రాసి తప్పించుకుంది ఇక్కడికి రావడానికి భయపడే.

రంగు మొదలుపెట్టిన కొత్తలో, ఒక పక్క మాత్రమే పూర్తయిన రోజున, నేను యార్డులో ఉండగా నా ఫోనుకి ఆ దీదీ చేసింది. నువ్విచ్చిన నంబరు నాదే కదా. "మాషీమా, ఎవరో రంగు వేస్తున్నారని విన్నాను, రొంగ్ కోర్బేన్ నా, వెయ్యొద్దు, కడగను కూడా వద్దు. ఒక పక్క పోయినా పర్వాలేదు, రెండో పక్క ఉంటే చాలు, దీన్నే తీసుకుంటాం" అంది. ఫొటోల్లో చూసి వాళ్ళకి ముందునుంచీ నీ బస్సే నచ్చింది. నేను ఠీక్ హై అన్నాను. చెప్పేద్దామని బస్సు దగ్గరికి నడిచాను.

మీ నాన్న అప్పుడే నిచ్చెన రెండో పక్కకి మార్చి పైకెక్కాడు. మొహాన నీలం చుక్కలు. నన్ను చూసి, "ఓసే, ఆ పక్క అంచు గాని వొంకర పోయిందా, సూసి సెప్పు!" అని కేకేశాడు. ఎన్నాళ్ళకి నన్నొక మాట అడిగాడు! ఇప్పుడు దిగమంటే ఎక్కడికి దిగుతాడు? ఆ మంచం మీదికే దిగుతాడు.

"నేదు, బాగుంది" అన్నాను. ఫోను క్యారియర్ సంచిలో అడుక్కి తోసేశాను. గురువారం ఆ దీదీ నావంక ఒక చూపు చూసిందిగానీ, ఆయన ముందు ఆ ఫోను సంగతి ఎత్తలేదు.

ఆపగలిగి ఉండీ ఆపలేదు. ఆయనకి చెప్పలేదు, నీకు చెప్పలేదు. నీ బస్సుని అమ్ముకుని నా మొగుణ్ణి కొనుక్కున్నాను. తీరా ఇప్పుడు రెండూ దక్కేలా లేవు. నువ్వు ఎంత కోప్పడినా పడతాను. కానీ అబద్ధం రాయలేను నాయనా, ఆ రోజు మళ్ళీ వచ్చి ఆయన మళ్ళీ అలా కేకేస్తే, ఈసారి ఆపుతానని చెప్పలేను.

ఒక్కటి మాత్రం ఒప్పుకోను. బస్సు లేకపోతే నువ్వు ఆ ఊళ్ళో ఉన్నావని ఎవరూ నమ్మరా? నేను లేనా? హౌరా బ్రిడ్జి మీద నువ్వు సడన్ బ్రేకు వేస్తే, ముందు సీట్లో దర్జాగా కూర్చున్న నా నుదురు రాడ్డుకి తగిలి జామకాయంత బొప్పి కట్టలేదా? నన్ను అడగమను, ఎవరికైనా చెబుతాను.

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టాను. నీకు చెప్పుకుని ఆయనకి దాచడం న్యాయం కాదనిపించింది. లోపలికెళ్ళి మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాను.

ఆయన లేచి కూర్చున్నాడు. "తెలిసి నోరు మూసుకున్నావా?" అన్నాడు.

"మూసుకున్నాను."

"ఓసి దిక్కుమాల్నదానా! ఆడు నోరు తెరిసి అడిగిన బండే అది! ఎవలికోసమే సేసినావీ పని?" ఆ అరుపుకి సూసన్నక్క కిటికీ తెరిచింది.

"నీకోసమే. సంవత్సరం బట్టి గోడకేసి సూసే మనిషివి, నిచ్చెనెక్కి పాట పాడతంటే దిగమనడానికి నాకు నోరు రానేదు. సంపుతావా? సంపు" అన్నాను. నాకూ కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో నీలం ఇంకా పోలేదు. తర్వాత, "అన్నం ఉందా?" అన్నాడు.

పెట్టాను. తిన్నాడు. తింటున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు, నేను వడ్డిస్తూనే ఉన్నాను. చెయ్యి కడుక్కుని, "ఆడికి రాసినావా?" అన్నాడు. రాస్తున్నానన్నాను. "అయిపోతే ఇలాగియ్యి, నానొక ముక్క రాయాలి" అన్నాడు. ఆయన ఇంతవరకూ ఎవరికీ ఉత్తరం రాసి ఎరగడు. కాగితం కోసం పక్కనే నిలబడి తొందర పెడుతున్నాడు కాబట్టి ఆపుతున్నాను.

అక్కడ చలి మొదలై ఉంటుంది, చెవులకి మఫ్లరు కట్టుకోకుండా బండి తియ్యకు. కోపం తగ్గాకే జవాబు రాయి, ఎన్నాళ్ళయినా ఎదురు చూస్తాను.

ఇట్లు,
నీ బస్సుకి ద్రోహం చేసిన, నిన్ను ప్రాణంగా చూసుకునే
మీ అమ్మ.

బుజ్జీ, బండి దక్కనేదు. మీ అమ్మని ఏటీ అనకు. రంగు మాత్రం బాగా కుదిరినాది.
ఇట్లు నాన్న.