పత్తి తప్పు కాదు

అత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ వేసవి పొందూరు మాడిపోతోంది. పొద్దున్నే రాట్నం ముందు కూర్చున్నా నూలు పుటుక్కున తెగుతోంది. పత్తి తెచ్చే సూరి మీద నాకు అనుమానం వచ్చింది. నిన్న అతను మన ఇంటికి రాగానే నిలదీశాను.

"ఒరే సూరీ, పత్తిలో ఏటి కలిపినావు?"

"ఏటీ కలపనేదు వదినా. గాల్లో తడి నేదు, అందుకే తెగిపోతన్నాది."

నేను నమ్మలేదు. నీ పెట్టె తెరిచి, నువ్వు చేసి దాచిన దూది ఏకుల్లో ఆఖరిది తీసి, అతని కళ్ళ ముందే వడికాను. ఆ నూలూ తెగింది. సూరి ఖాళీ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నీ చేతిని అనుమానించలేను కదా, అత్తా. ఇవాళ కిటికీకి తడిగుడ్డ కట్టాను. అది ఆరేలోగా నాలుగు బారల నూలైనా తీయాలని, బయటి గాలిని దొంగను చూసినట్టు చూస్తూ వడుకుతున్నాను.

నీ కోడలు