ఉప్పునీళ్ల మిషను

టెక్కలి వాషింగ్ మిషను మెకానిక్కు కామేశ్వరరావు గారికి, ఉద్దానం నుంచి ఉమ నమస్కరించి రాస్తున్నది.

ముందుగా నా రాతని, తప్పుల్ని మన్నించండి. నేను ఐదో తరగతి దాకానే చదివాను. చేప ముల్లుతో గీకినట్టు ఉంటుంది నా రాత అని మా ఆయన అంటారు.

మా మిషను మూత లోపల మీ కాగితం అంటించి ఉంది. 'చెవులు వినపడవు. ఫోను చేయవద్దు. జబ్బు ఏమిటో రాసి పంపండి' అని. అది చూసి ధైర్యం వచ్చింది. కొత్తవాళ్లతో ఫోనులో నాకు మాట రాదు. ఈ ఉత్తరం ఆటో ఢిల్లీరావు అన్నయ్యతో పంపుతున్నాను.

ఇది రెండు తొట్ల మిషను. ఒకదాంట్లో ఉతుకుడు, ఒకదాంట్లో పిండుడు. మా మావయ్య పైడయ్య గారు ఏడేళ్ల కిందట మీ దగ్గర పాతదే కొన్నారు. ఆయన మొహం నాకు సరిగా తెలియదు. పెళ్లి నాడు సిగ్గుతో తలెత్తలేదు, కాళ్లకి దండం పెట్టాను, కాళ్లు మాత్రం గుర్తు. ఆ తర్వాత నెలకి, నేను కాపురానికి రాకముందే, ఆయన చేపల వేటకి వెళ్తూ ఎప్పటిలాగే చెప్పులు ఇసకలో విడిచి పడవెక్కారు. పడవ బోల్తా పడింది. చెప్పులు దొరికాయి. మనిషి దొరకలేదు.

నేను కాపురానికి వచ్చిన వారానికి మిషను కారడం మొదలైంది. ఉతికిన రోజున కొంచెం. ఉతకని రోజున మధ్యాహ్నాలు ఎక్కువ. వేలితో నాలుకకి రాసుకుని చూశాను. ఉప్పు. మా కుళాయి నీళ్లు ఉప్పు కావు.

మా అత్త రత్నాలమ్మ మొన్న తేల్చి చెప్పింది. "ఓలే, నువ్వు కాలెట్టిన కాణ్నించి ఈ మిషను ఏడుత్తంది. ఇది మీ మావ కొన్న సరుకు. సంవత్సరీకం నాటికి దీని ఏడుపు ఆగకపోతే నువ్వు బావనపాడు మీయమ్మ దగ్గరికి ఎల్లిపో. ఆడొచ్చాక సూద్దాం." ఆడు అంటే మా ఆయన. గుజరాతు బోట్ల మీద ఉన్నారు. సంవత్సరీకం ఇంక ఇరవై రోజులు. నాకు వెళ్లాలని లేదు.

ఇట్లు,
ఉమ

తా.క.: పరాయివారికి ఇంటి గుట్టు రాశానని తెలిస్తే ఇరవై రోజులు కూడా ఉండనివ్వదు. చదివి కాల్చేయండి.

*

చి.సౌ. ఉమకి కామేశ్వరరావు ఆశీస్సులు.

రాత బాగానే ఉంది. నా పక్కనే మందుల షాపు, డాక్టర్ల చీటీలు చదివే కుర్రాడు ఉన్నాడు. అతని అవసరం పడలేదు.

మిషన్లు ఏడవవమ్మా, కారతాయి. ఏడ్చేది వాటిని బాగుచేసేవాళ్లు.

ఎక్కడ కారుతోందో తెలియకుండా విప్పితే ఇంకోచోట కారుతుంది. అందుకని ముందు ఆ చోటు పట్టుకోవాలి. ప్లగ్గు పీకండి. మిషను చుట్టూ నేల పొడిగా తుడిచి, గుమ్మం దాకా వరిపిండి పల్చగా చల్లండి. ఒక పూట ముట్టుకోవద్దు. పిండిలో మొదటి చుక్క పడ్డ చోట గుంట పడుతుంది. దానికి సరిగ్గా పైనే చిల్లు. నలభై ఏళ్లుగా నాది ఇదే పద్ధతి.

దగ్గరికి వెళ్లేటప్పుడు రబ్బరు చెప్పులు తప్పకుండా వేసుకోండి. తడి నేల, కరెంటు మిషను. ఉత్త కాళ్లతో వెళ్తే ఆ తర్వాత ఉత్తరం రాయడానికి మీరుండరు.

ఉప్పు సంగతి పక్కన పెట్టండి. నాలుకతో మిషన్లని పరీక్ష చేయకూడదు.

కామేశ్వరరావు

తా.క.: కాల్చడం కుదరదు. మిషను బాగయ్యేదాకా ఉత్తరం తీగకి గుచ్చి ఉంటుంది, అది షాపు రూలు. మీదానికి పైన ఒకావిడ మిక్సీ ఉత్తరం, కింద ఒకాయన ఫ్రిజ్జు ఉత్తరం. వాళ్లు ఎవరికీ చెప్పరు.

*

బాబాయి గారికి నమస్కారాలు.

రాత వంకరగా ఉంటే తొందర వల్ల. తప్పులుంటే భయం వల్ల.

మీరు చెప్పినట్టే పొద్దున పిండి చల్లాను. అత్త వీధి అరుగు మీద ఎండు చేపలు ఏరుతోంది. మధ్యాహ్నం చూద్దామని లేచేసరికి రబ్బరు చెప్పుల మాట గుర్తొచ్చింది. మా ఇంట్లో అందరం ఉత్త కాళ్లతోనే తిరుగుతాం. ఉన్నది ఒక్కటే జత, చూరులో గుడ్డలో చుట్టి పెట్టిన మావయ్యవి. మీ మాట దాటలేక అవే వేసుకున్నాను. నా కాలికి పడవల్లా ఉన్నాయి. గుమ్మం నుంచి మిషను దాకా పిండిలో నడిచాను. గుంట వెనక ఎడమ మూల పడింది. వంగి చూస్తుండగా మిషను లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు. ప్లగ్గు పీకే ఉంది బాబాయి. చెప్పులు చేత్తో పట్టుకుని, పిండి చల్లని వైపునున్న పెరటి తలుపులోంచి బయటపడ్డాను.

ఇంతలో అత్త లోపలికొచ్చింది.

మీకు తెలుసో తెలియదో, మా ఊళ్లో మనిషి పోయిన పదో రోజున పిండి చల్లి తలుపు మూస్తారు. పోయినవారు వచ్చి ఆనవాలు వేసి వెళ్తారని. మావయ్యకి చల్లిన పిండిలో చీమ కాలు కూడా పడలేదట. ఆ దిగులు అత్తకి ఇప్పటికీ ఉంది. అలాంటి మనిషి గుమ్మంలో నిలబడి చూసింది. పరుచుకున్న పిండి. కుడి బొటనవేలి దగ్గర అరిగిన మావయ్య చెప్పుల అడుగులు. మిషను దాకా వెళ్లాయి. తిరిగి రాలేదు.

"ఒచ్చీసినాడు" అంది. "ఇందులోకి ఎల్లినాడు."

మిషను మూతెత్తి, తొట్టిలోకి వంగి, నెమ్మదిగా అడిగింది. "అన్నం తిన్నావా?"

చూరులో చెప్పులు లేకపోవడం చూసి ఇంకా గట్టిగా నమ్మింది. చెప్పులు ఇంట్లో ఉంటే పట్టుబడతానని ఈ మూటలో మీకు పంపుతున్నాను. దాచండి.

మీ కూతురులాంటి
ఉమ

తా.క.: ఇదైనా కాల్చేయండి. మిక్సీ ఆవిడ ఉత్తరం పక్కన దీన్ని గుచ్చకండి.

*

చి.సౌ. ఉమకి ఆశీస్సులు.

మీ ఉత్తరం పొడుగ్గా ఉంది. గిరాకీ ఎక్కువగా ఉండి జబ్బు రాసిన చోటు వరకే చదివాను. వెనక ఎడమ మూల. అంటే డ్రెయిన్ పైపు. గొంతు సవరించుకోవడం పైపులో చేరిన గాలి. కొత్త పైపు, క్లిప్పు ఢిల్లీరావుతో పంపుతున్నాను. నీళ్లన్నీ తోడి, మిషనుని గోడకి వాల్చండి. పాత క్లిప్పు నొక్కి లాగితే పైపు ఊడుతుంది. కొత్తది చివరిదాకా తొడిగి క్లిప్పు బిగించండి. బలం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

పాత చెప్పులు కూడా పంపారు. చెప్పులు నా పని కాదు. అయినా ఆడపిల్ల పంపిందని ఎదుటి చెప్పులాయనతో కుడిదానికి కొత్త పట్టీ వేయించాను. ఊడకుండా అడుగున గుండ్రటి మేకు కూడా కొట్టాడు. శుక్రవారం ఢిల్లీరావుతో పంపి, మీ అత్తగారి చేతికే ఇమ్మంటాను. పోకుండా ఉంటాయి.

కామేశ్వరరావు

తా.క.: మూట విప్పితే అర చెంబు నీళ్లు కారాయి. చెప్పులు ఉతికి పంపనక్కర్లేదు.

*

బాబాయి గారికి, మీ కాళ్లు పట్టుకుని రాస్తున్నాను.

చెప్పులు పంపొద్దు. అత్త చేతికి అసలు ఇవ్వొద్దు. దయచేసి నా పాత ఉత్తరం తీగ మీంచి తీసి చివరిదాకా చదవండి.

ఇక్కడ మిషనుకి పొద్దున టీ, సాయంత్రం బీడీ పెడుతున్నారు. బావనపాడు నుంచి అత్త అక్క తవిటమ్మ పెద్దత్త వచ్చింది. మిషను ముందు కూర్చుని, నిరుడు పోయిన తన గాలాల పెట్టె ఎవరు తీశారని అడిగింది. మిషను గుడగుడమంది. ఢిల్లీరావు పేరు చెప్పిందని వీధంతా చాటింది. అన్నయ్య రెండు రోజులుగా మా వీధిలోకి ఆటో తేవడం లేదు. ఈ ఉత్తరం వీధి చివర తుప్ప దగ్గర ఇచ్చాను.

పెద్దత్త నా ముందే అంది. "పైడయ్య ఊరికే ఏడుత్తాడా. ఈ పిల్ల కాలు మంచిది కాదే." అత్త నన్ను చూసి, "సంవత్సరీకం నాటికి ఆగాల" అంది, అంతే.

నేను నీళ్లు తుడుస్తున్నప్పుడు అత్త మిషనుతో ఏదో చెప్పుకుంటుంది. నేను వెళ్లగానే ఆపేస్తుంది. నీళ్లు మాత్రం రోజూ ఎక్కువవుతున్నాయి. నిన్న అందులో ఇసక కూడా ఉంది.

పైపు మార్చితే మావయ్యని తరిమేసినట్టు అవుతుంది. మార్చకపోతే నేను వెళ్లాలి. ఇంక తొమ్మిది రోజులే. ఏం చేయమంటారు?

ఉమ

తా.క.: కాల్చండి. ముందు చదివి, తర్వాత కాల్చండి.

*

అమ్మా ఉమా,

షాపు మూశాక అన్నీ మొదటినుంచి చదివాను. సిగ్గుపడుతున్నాను. చెప్పులు ఎక్కడికీ పంపను.

పైపు మార్చు. చిల్లు ఉన్నంతకాలం ఇంట్లో ప్రతివాళ్లూ అందులోంచి తమకి కావలసింది వింటారు. నాకు ఏ చప్పుడూ వినపడదు కనుక ఈ మాట చెప్పగలుగుతున్నాను. పోయినవారు రావాలనుకుంటే వాళ్లకి పైపు చిల్లు అక్కర్లేదు.

కామేశ్వరరావు

తా.క.: చెప్పులు నాలుగు రోజులుగా ఎండలో పెడుతున్నాను. ఆరడం లేదు. రబ్బరు ఇన్ని నీళ్లు తాగదే.

*

బాబాయి గారికి ఉమ నమస్కారాలు.

ఇందులో తప్పులున్నా దిద్దుకోకుండా రాస్తున్నాను. దిద్దుతూ కూర్చుంటే ధైర్యం పోతుంది.

అత్త పలాస కంటి డాక్టరు దగ్గరికి వెళ్లిన పూట పైపు మార్చాను. గోడకి వాల్చడానికి గంట పట్టింది. పాత పైపు విప్పితే అందులో మూడు సీసపు గుళ్లు ఇరుక్కుని ఉన్నాయి, విసురు వల అంచుకి బరువు కోసం కట్టేవి. వాటి ఒరిపిడికే పైపు చిల్లిపడింది. అత్త రాగానే అవి చేతిలో పెట్టి, దాచకుండా అంతా చెప్పేశాను.

ముందు తిట్టింది. "నా పట్టుసీర ఉతికిన దాన్లోనే వల కూడా ఉతికినాడా." తర్వాత ఆ గుళ్లు కొంగున ముడేసుకుంది.

"అత్తా, ఆ అడుగులు నావే" అన్నాను.

"నాకు తెల్సు. మీ మావ ఒక్క అడుగేసే జాగాలో నువ్వు మూడేసినావు. కోడిపిల్ల నడక."

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"మొదట నమ్మీసినాను. మర్నాడు పొద్దున వంగి సూసినాను, అంగలు నీవే. నా మాటకి బయపడి పిల్ల పోయినోడి సెప్పులేసుకుందని సిగ్గేసింది. ఎవులికి సెప్పుకుంటాను. మీ మావకి సెప్పుకున్నాను." కొంగు ముడి బిగించుకుంటూ, "ఎక్కడికీ ఎల్లకు. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నాకు ఎవులున్నారు. మా అక్క మాట నేను సూసుకుంటాను" అంది.

నా కష్టం తీరింది బాబాయి. ఉత్తరం ఇక్కడితో ఆపేయవలసింది. కానీ నిన్న సంవత్సరీకం.

మిషను కింద మూడు రోజులుగా చుక్క లేదు. భోజనాల ముందు అత్త నన్ను పిలిచి, "పిండి సల్లు. లీకు కోసం కాదు" అంది. ఇద్దరం కలిసి, ఈసారి పెరటి తలుపు దాకా చల్లాం. రెండు తలుపులూ గొళ్లెం పెట్టాం. అందరం ముందు టెంటులో భోజనాలకి కూర్చున్నాం. ఒక్కరు కూడా లోపలికి వెళ్లలేదు, అత్త గుమ్మానికి ఎదురుగానే కూర్చుంది. చేతులు కడుక్కుని తెరిచాం. పట్టపగలు, ఎండ లోపలిదాకా పడుతోంది.

అడుగులు మిషను దగ్గర మొదలయ్యాయి. పెరటి తలుపు వైపు, అంటే సముద్రం వైపు వెళ్లాయి. పొడుగు అంగలు. మూడంటే మూడు. కుడి బొటనవేలి దగ్గర అరుగుదల ఉంది. కుడి అడుగు మధ్యలో, నేను నడిచినప్పుడు లేని గుండ్రటి మేకు గుర్తు ఉంది.

అత్త ఏడవలేదు. "ఎల్లినాడు" అంది. నా భుజం మీద చెయ్యేసి, "సూడు, నడకంటే అలాగుండాల" అంది.

మేకు సంగతి నేను అత్తకి చెప్పలేదు. చెప్పులు మీ షాపులోనే ఉన్నాయని ఒక్క ముక్క రాయండి. అది చదివితే నాకు నిద్ర పడుతుంది.

ఉమ

తా.క.: మిషను బాగయింది. ఇంక మీ రూలు అడ్డం లేదు. నా ఉత్తరాలన్నీ కాల్చేయండి.

*

అమ్మా ఉమా,

చెప్పులు నా షాపులోనే ఉన్నాయి. అది నిజం. అక్కడితో ఆపి చదవడం మానేస్తే నీకు నిద్ర పడుతుంది.

మొన్న మధ్యాహ్నం, అంటే మీ సంవత్సరీకం నాడు, భోజనానికి షట్టరు దించి తాళం వేసి వెళ్లాను. అప్పుడవి బల్ల మీద ఉన్నాయి. వచ్చి తీసేసరికి గుమ్మంలో, ముక్కులు లోపలికి తిరిగి ఉన్నాయి. అడుగున తెల్లగా ఏదో అంటుకుంది. సున్నం అనుకుని గుడ్డతో తుడిచాను. ఇవాళ నీ ఉత్తరం చదివాక ఆ గుడ్డ వెతికి చూశాను. వరిపిండి.

నేలంతా తడిగా ఉంది. నిన్నా ఉంది, ఇవాళా ఉంది. నా షాపులో కుళాయి లేదు. మిషన్లు మూడున్నాయి, ఒక్కదాంట్లోనూ నీళ్లు లేవు. నాలుకతో పరీక్ష చేయకూడదని నీకు రాశాను. చేశాను.

ఇంకొకటి. ఇరవై ఏళ్లుగా నాకు ఏమీ వినపడదు. నిన్న మధ్యాహ్నం నా వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

జబ్బు రాసి పంపమని ఇన్నాళ్లూ అందరికీ చెప్పాను. నాది ఎవరికి రాయాలో తెలియక నీకు రాస్తున్నాను. ఏం చేయాలో మీ అత్తగారిని అడిగి వెంటనే పంపు. పిండి చల్లమని మాత్రం చెప్పొద్దు.

కామేశ్వరరావు

తా.క.: రూలు ప్రకారం నీ ఉత్తరాలు తీగ మీంచి తీసి కాల్చబోయాను. అగ్గిపెట్టె అయిపోయింది, ఒక్కటీ అంటుకోలేదు. పైనున్న మిక్సీ ఉత్తరం, కిందున్న ఫ్రిజ్జు ఉత్తరం పొడిగానే ఉన్నాయి.