మోకాలి లోతు

18-2-2005, శుక్రవారం

హైదరాబాదు నుంచి దిగిన మా తోడల్లుడు మూర్తిని చూస్తే నాకు ఒళ్ళు మంట. సైనికులకు శిక్షణ ఇవ్వడానికి కంప్యూటర్లో ఉత్తుత్తి యుద్ధభూమి తయారు చేస్తాడట. అందులో పెట్టడానికి మా ఊరి గోదావరి పాయే కావలసి వచ్చింది మహానుభావుడికి. పొద్దున్న పాటు వేళ, నీరు బాగా తీసేసి ఉన్నప్పుడు, రేవులో కర్ర దించి కొలిచాడు. మోకాలి లోతు.

"ఎప్పుడూ ఇంతేనా అన్నయ్యగారూ?" అన్నాడు.

"ఆయ్, ఎప్పుడూ ఇంతేనండి. గేదెలకి వీపు కూడా తడవదు" అన్నాను. సముద్రం పోటు వస్తే అక్కడే మనిషి మునిగిపోతాడని చెప్పలేదు. వెధవ బుద్ధిగా రాసుకున్నాడు. మధ్యాహ్నం దాకా లోలోపల నవ్వుకుంటూనే ఉన్నాను.

భోజనాల దగ్గర మా ఆవిడ అడిగింది. "మిలట్రీలో ఉన్న మీ తమ్ముడికి కూడా దీంట్లోనే నేర్పుతారేమోనండీ?"

ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశాను. అక్కడే మూర్తికి నిజం చెప్పేశాను. వాడు నవ్వాడు.

"పోయినసారి రేవులో మొసలుందని నన్ను చెప్పుల్లేకుండా పరిగెత్తించేరు. ఇంక మీ మాట నమ్ముతానేటండీ? అయినా మా కంప్యూటర్లో మునిగినోడు మీట నొక్కితే లేచొస్తాడు లెండి."

మా తమ్ముడికి ఆ మీట ఎక్కడుందో వాణ్ణి అడగాల్సింది.

రేపు మధ్యాహ్నం పోటు. మళ్ళీ కొలుద్దువుగాని రమ్మని వాణ్ణే రేవులోకి దింపుతాను. నమ్మడు కాబట్టి ధైర్యంగానే దిగుతాడు. ఈతొచ్చో రాదో అడగలేదు.

అడగను కూడా.